సెలవుల్లో తెరిచిన తలుపు: సర్ సి.వి. రామన్

పరీక్షలు కాగానే మన కాలేజీలో అన్నిటికంటే ముందు మూతపడేది లేబరేటరీ. ఆఖరి ప్రాక్టికల్ అయిన సాయంత్రమే అటెండరు బీకర్లు కడిగి బోర్లిస్తాడు. స్పెక్ట్రోమీటర్ల మీద గుడ్డలు కప్పుతాడు. కిటికీ రెక్కలు బిగించి, తలుపుకి తాళం వేసి, తాళంచెవి ఆఫీసులో మేకుకి తగిలిస్తాడు. మళ్ళీ ఆ తాళం తీసేది కాలేజీ తెరిచాకనే. ఈలోగా రెండు నెలలు గడిచిపోతాయి. హాస్టలు ఖాళీ అవుతుంది. పెట్టే బేడా సర్దుకుని ఎవరి ఊరికి వాళ్ళం పోతాం.

మాది వ్యవసాయ కుటుంబం. వేసవిలో చేను ఖాళీగా ఉందని బస్సులో పోయేవాళ్ళు అనుకుంటారు. నిజానికి పనిమంతుడైన రైతు ఆ చేనుని ఊరికే వదలడు. కోత అయిన నేలని ఎండల్లోనే ఒకసారి దున్ని పెడతాడు. దాన్నే వేసవి దుక్కి అంటాం. పెళ్ళలు లేచిన నేల ఎండకి కాగుతుంది. కలుపు వేర్లు మాడిపోతాయి. తొలకరి చినుకు పడగానే నీరు పక్కకి జారిపోకుండా లోపలికి ఇంకుతుంది. పంట వర్షాకాలంలో కనపడుతుందిగాని దానికి మొదలు మే నెల ఎండలోనే పడుతుంది.

విద్యార్థికి కూడా అటువంటి వేసవి దుక్కి ఒకటి ఉండాలని నాకు అనిపించింది సర్ సి.వి. రామన్ జీవితం చదివాకనే. ఆయన్ని మనం పాఠ్యపుస్తకంలో ఒక ఫలితం పేరుగా, ఫిబ్రవరి 28న జరిగే సభలో పూలదండ వేసిన పటంగా ఎరుగుదుం. కాని ఆయన జీవితాన్ని సెలవుల వైపునుంచి చూస్తే వేరే కథ కనపడుతుంది. ఉద్యోగం లేని వేళల్లో, శలవు పెట్టిన నెలల్లో, ఆదివారాల్లో ఆయన పరిశోధన చేశారు. తరువాత తన లేబరేటరీ తలుపు ఇతరుల సెలవులకి తెరిచారు. ఎవరికి తెరిచారు, ఎవరికి తెరవడానికి వెనకాడారు అన్నది కూడా ఈ కథలో భాగమే.

విశాఖపట్నం సముద్రం ఒడ్డున

చంద్రశేఖర వెంకట రామన్ 1888 నవంబరు 7న తమిళనాడులోని తిరుచిరాపల్లిలో జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్, తల్లి పార్వతీ అమ్మాళ్. రామన్‌కి నాలుగేళ్ళ వయసప్పుడు, 1892లో, తండ్రికి విశాఖపట్నం మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీలో గణితం, భౌతికశాస్త్రం చెప్పే లెక్చరరు ఉద్యోగం వచ్చింది. కుటుంబం అక్కడికి మారిపోయింది. అందుచేత నోబెల్ బహుమానం అందుకున్న ఆ మనిషి బాల్యం మన తెలుగు గడ్డ మీదనే, విశాఖ కెరటాల హోరులోనే గడిచింది. ఇంట్లో తండ్రిగారి పుస్తకాలు, ఆయన వాయించే ఫిడేలు, బయట కనుచూపు మేరా నీలపు సముద్రం. ఈ మూడూ తరువాత ఆయన పరిశోధనల్లోకి వచ్చి చేరాయంటే ఆశ్చర్యం లేదు.

పదకొండో ఏట మెట్రిక్యులేషను, పదమూడో ఏట ఎ.వి.ఎన్. కాలేజీలోనే ఎఫ్.ఎ. అయిపోయాయి. ఆపైన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ. 1904లో బి.ఎ. మొదటి స్థానంలో ప్యాసై, భౌతికశాస్త్రంలో బంగారు పతకం పొందారు. పైచదువుకి ఇంగ్లాండు పంపుదామంటే మద్రాసు సివిల్ సర్జను పరీక్ష చేసి, ఈ బక్కపలుచని కుర్రవాడు అక్కడి చలికి తట్టుకోలేడని తేల్చేశాడు. ఆ దారి మూసుకుపోవడంతో రామన్ ప్రెసిడెన్సీలోనే ఎం.ఎ.లో చేరారు.

విద్యార్థి రాసిన వ్యాసం

ఎం.ఎ. చదివే రోజుల్లోనే అసలు సంగతి జరిగింది. మనందరం చేసే ప్రాక్టికలే అది. స్పెక్ట్రోమీటరు మీద పట్టకం పెట్టి దాని కోణం కొలవడం. మనమైతే రీడింగులు రాసుకుని, రికార్డు మీద సంతకం పెట్టించుకుని బయటపడతాం. రామన్ మాత్రం టెలిస్కోపులో కనపడుతున్న చిత్రం దగ్గర ఆగిపోయారు. కాంతి పట్టకం ముఖం మీద బాగా ఏటవాలుగా పడినప్పుడు చీలిక బింబానికి రెండు పక్కలా సన్నని వివర్తన పట్టీలు వస్తున్నాయి. అవి రెండు వైపులా ఒకేలా లేవు. ఒక పక్క వెడల్పుగానూ, మరో పక్క ఇరుగ్గానూ ఉన్నాయి. ఎందుకిలా అన్న ప్రశ్న పుస్తకంలో లేదు. పరీక్షలోనూ రాదు. అయినా దానికోసం విడిగా ప్రయోగాలు చేసి, లెక్క కట్టి, ఒక వ్యాసం రాశారు.

ఆ వ్యాసాన్ని తన ప్రొఫెసరు జోన్స్ గారికి ఇచ్చారు. నెలలు గడిచినా ఏ సంగతీ తేలలేదు. చివరకు రామన్ తానే దాన్ని లండనులో వెలువడే ఫిలసాఫికల్ మేగజీనుకి పంపారు. 1906 నవంబరు సంచికలో అది అచ్చయింది. అప్పటికి ఆయనకి పద్దెనిమిదేళ్ళు. తరువాతి వ్యాసాలు చూసి లార్డ్ రేలీ అంతటి పండితుడు ఆయన్ని ప్రొఫెసరుగా సంబోధిస్తూ ఉత్తరం రాశాడని చెప్పుకుంటారు. జోన్స్ గారిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆ కుర్రవాడిని తరగతి గదికి కట్టెయ్యకుండా లేబరేటరీలో ఇష్టమొచ్చినట్టు తిరగనిచ్చింది కూడా ఆయనే. అధ్యాపకుడు చెయ్యగల సహాయాల్లో అదేం చిన్నది కాదు.

ట్రాము కిటికీలోంచి కనపడ్డ బోర్డు

ఆ రోజుల్లో మన దేశంలో సైన్సు చదివినవాడికి పరిశోధన ఒక బతుకుతెరువు కాదు. రామన్ 1907లో ఫైనాన్సు సర్వీసు పరీక్ష రాసి, మొదటి స్థానంలో నెగ్గారు. అదే ఏడు లోకసుందరి గారితో వివాహమయింది. కలకత్తాలో అసిస్టెంటు అకౌంటెంటు జనరలుగా చేరారు. పద్దెనిమిదేళ్ళ ఆఫీసరు, మంచి జీతం, పెద్ద హోదా. ఇంట్లోవాళ్ళు ఇంకేం కోరుకుంటారు? మనలో ఎవరికైనా ఆ ఉద్యోగం వస్తే ఊళ్ళో కొబ్బరికాయలు కొడతారు. సైన్సు పుస్తకాలు అటక ఎక్కుతాయి.

రామన్ విషయంలో అవి అటక ఎక్కకపోవడానికి కారణం ఒక బోర్డు. ఆఫీసుకి ట్రాములో పోతూ ఉంటే బౌబజారు వీధి 210 నంబరు భవనం మీద ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అన్న అక్షరాలు కనపడ్డాయి. ఆగి, వెళ్ళి తలుపు తట్టారు. తలుపు తీసినవాడు అశుతోష్ దే, అందరూ పిలిచే పేరు అశుబాబు. అక్కడి గౌరవ కార్యదర్శి అమృతలాల్ సర్కార్. డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ ఎన్నో ఏళ్ళు చందాలు పోగుచేసి 1876లో ఆ సంస్థను స్థాపించారు. భారతీయులు తమ సొంత పరిశోధనాలయంలో సైన్సు చెయ్యాలన్నది ఆయన కల. ఉపన్యాసాలు జరిగేవిగాని, పరిశోధన చెయ్యడానికి కూర్చునేవాళ్ళు లేకుండానే 1904లో ఆయన కన్నుమూశారు. పరికరాల మీద దుమ్ము పేరుకుని ఉంది. అటువంటి చోటికి ఒక కుర్ర ఆఫీసరు వచ్చి, ఆఫీసు లేని వేళల్లో ఇక్కడ పనిచేసుకోవచ్చా అని అడిగేసరికి, తండ్రి ఎదురుచూసిన మనిషి ఇన్నాళ్ళకి వచ్చాడని అమృతలాల్ పొంగిపోయాడట.

ఆపైన పదేళ్ళు రామన్ దినచర్య చూస్తే మనకి సిగ్గేస్తుంది. తెల్లవారు ఝామున అసోసియేషనుకి. పది గంటల లోపు ఇంటికొచ్చి స్నానం, నాలుగు మెతుకులు, పరుగున ఆఫీసు. సాయంత్రం ఆఫీసునుంచి తిన్నగా మళ్ళీ అసోసియేషనుకి. ఇంటికి చేరేది రాత్రి తొమ్మిదిన్నర, పదికి. ఆదివారాలూ, పండుగ సెలవులూ పూర్తిగా అక్కడే. మధ్యలో 1909లో రంగూనుకీ, 1910లో నాగపూరుకీ బదిలీ చేశారు. అక్కడ ఇంట్లోనే చిన్న లేబరేటరీ పెట్టుకున్నారు. తండ్రి చనిపోయినప్పుడు ఆరు నెలలు శలవు పెట్టి మద్రాసు వచ్చి, ఆ శలవు కాలంలో ప్రెసిడెన్సీ కాలేజీలో ప్రయోగాలు చేశారు. 1911లో తిరిగి కలకత్తా చేరాక అసోసియేషను పక్కనే ఇల్లు తీసుకున్నారు. ఇంటికీ లేబరేటరీకీ మధ్య గోడలో తలుపు పెట్టించుకున్నారు. ఇక వీధిలోకి కూడా దిగనక్కరలేదు.

ఆయన ఎంచుకున్న ప్రశ్నలు కూడా ఖరీదైన పరికరాలు కోరేవి కావు. ఏకతార, ఫిడేలు, వీణ, తంబురా, మృదంగం, తబలా. సాధారణంగా డోలు చర్మం మీద కొడితే పుట్టే స్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. వినడానికి చప్పుడుగానే ఉంటుంది. మృదంగం, తబలా అలా ఉండవు. చర్మం నడుమ దట్టంగా వేసిన నల్లని పూత బరువు వల్ల వాటి స్వరాలు తీగ వాయిద్యాల స్వరాల మాదిరిగా క్రమంలో పడతాయని రామన్ చూపించారు. మన పల్లెలో భజన చేసేవాడికి చెవితో తెలిసిన విషయం వెనక అంత భౌతికశాస్త్రం ఉంది. ఆఫీసరుగా ఉన్న ఆ పదేళ్ళలో ఆయన ఇరవైకి పైగా పరిశోధనా వ్యాసాలు అచ్చువేశారు. అన్నీ తీరిక వేళల పంటే. డిగ్రీ లేని అశుబాబు ఆ పనులన్నిటిలో ఆయనకి కుడిభుజం.

1917లో సర్ అశుతోష్ ముఖర్జీ పిలుపు మీద కలకత్తా యూనివర్సిటీలో పాలిత్ ప్రొఫెసరు పదవి స్వీకరించారు. జీతం దాదాపు సగానికి తగ్గింది. అయినా ఆయన సర్కారు కొలువు వదిలేశారు. అంతదాకా తీరిక వేళల్లో చేసిన పని ఇప్పుడు వృత్తి అయింది.

ఇతరుల సెలవులు

ఇక్కడినుంచి కథ మలుపు తిరుగుతుంది. దేశం నలుమూలలనుంచి కుర్రవాళ్ళు బౌబజారు వీధికి రావడం మొదలయింది. కొందరు పూర్తికాలం పనిచేసేవాళ్ళు. మరికొందరు ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ, సెలవులు రాగానే రైలెక్కి వచ్చేవాళ్ళు. కె.ఆర్. రామనాథన్ రంగూనులో అధ్యాపకుడు. సెలవుల్లో కలకత్తా వచ్చి రామన్ దగ్గర పనిచేసేవాడు. ఎస్. వెంకటేశ్వరన్ పగలు ప్రభుత్వ పరీక్షాశాలలో కెమిస్టు. సాయంకాలాలూ, సెలవు రోజులూ అసోసియేషనులో.

1921లో రామన్ మొదటిసారి ఇంగ్లాండు వెళ్ళి, నార్కుండా అనే ఓడ మీద తిరిగి వస్తూ మధ్యధరా సముద్రం నీలాన్ని చూశారు. ఆకాశం రంగు ప్రతిఫలించడం వల్లనే సముద్రం నీలంగా ఉంటుందన్నది లార్డ్ రేలీ మాట. రామన్ దగ్గర ఒక నికాల్ పట్టకం ఉంది. దానితో ఉపరితలంనుంచి వచ్చే ప్రతిఫలాన్ని ఆపేసి చూశారు. నీలం పోలేదు సరికదా, ఇంకా చిక్కగా కనపడింది. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని తేలింది. విశాఖలో పెరిగిన కుర్రవాడు చిన్నప్పటినుంచి చూసిన రంగుకి ముప్పైమూడో ఏట జవాబు పట్టాడన్నమాట.

ఇక ద్రవాల్లో కాంతి చెదరడం మీద, అంటే పరిక్షేపణం మీద, లేబరేటరీ అంతా పడింది. 1923లో రామనాథన్ నీటి మీద పనిచేస్తూ ఒక చిన్న తేడా గమనించాడు. చెదిరిన కాంతిలో, లోపలికి పంపిన రంగు కాని రంగు ఏదో కాస్త కలిసి వస్తోంది. ద్రవంలో మలినం ఉందేమో అనుకున్నారు. మళ్ళీ మళ్ళీ శుద్ధి చేశారు. అయినా ఆ మసక వెలుగు పోలేదు. దానికి బలహీన ప్రతిదీప్తి అని పేరుపెట్టి పక్కన ఉంచారు. తరువాత కె.ఎస్. కృష్ణన్‌కీ అదే కనపడింది. 1928 జనవరిలో వెంకటేశ్వరన్ గ్లిసరిన్‌తో చేస్తే ఆకుపచ్చని వెలుగు స్పష్టంగా కనపడింది. పైగా అది ధ్రువితమై ఉంది. మామూలు ప్రతిదీప్తి అయితే అలా ఉండదు. ఈలోగా 1927 చివర్లో రామన్ వాల్తేరు వచ్చి ఉన్న రోజుల్లో కాంప్టన్ ఫలితం మీద ఆలోచించి వ్యాసం సిద్ధం చేశారు. ఎక్స్ కిరణాలకి జరిగే మార్పు లాంటిది మామూలు కాంతికి ఎందుకు జరగకూడదన్న ఆలోచన బలపడింది.

ప్రయోగం మన కాలేజీలో కూడా చెయ్యగలమా అనిపించేంత తేలికగా ఉంటుంది. సూర్యకాంతిని పెద్ద కటకంతో కూర్చి, ఊదారంగు మాత్రమే పోనిచ్చే వడపోత గుండా ద్రవంలోకి పంపాలి. చెదిరి వచ్చే కాంతికి, ఊదారంగుని పూర్తిగా ఆపేసే రెండో వడపోత అడ్డుపెట్టాలి. రంగు మారకపోతే చీకటే కనపడాలి. చీకటి కనపడలేదు. అరవై రకాల ద్రవాల్లోనూ మసకగా వెలుగు వచ్చింది. అంటే కాంతి అణువుకి కొంత శక్తి ఇచ్చి, తన రంగు మార్చుకుని బయటికి వస్తోందన్నమాట. 1928 ఫిబ్రవరి 28న స్పెక్ట్రోస్కోపుతో చూసి దాన్ని రూఢి చేసుకున్నారు. ఆపైన మెర్క్యురీ ఆర్క్ దీపంతో విడివిడి గీతలు పట్టారు. 1930లో నోబెల్ బహుమానం రామన్ ఒక్కరికే వచ్చింది. కృష్ణన్ పేరు కూడా పక్కన ఉండవలసిందని అప్పటినుంచి ఇప్పటిదాకా అనేవాళ్ళు ఉన్నారు. నాకు మాత్రం, అయిదేళ్ళ ముందు ఒక సెలవు పరిశోధకుడి కంట పడ్డ మసక వెలుగుని చెత్తబుట్టలో పారెయ్యకుండా దాచిపెట్టుకోవడం పెద్ద విషయంగా తోస్తుంది.

ఒక వేసవి, ఒక బాబాయి

ఆ 1928 వేసవిలోనే బౌబజారు వీధికి ఒక పదిహేడేళ్ళ కుర్రవాడు వచ్చాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో డిగ్రీ విద్యార్థి. పేరు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. రామన్ అన్నగారి కొడుకు. కొత్త ఆవిష్కరణ వేడి ఇంకా చల్లారని లేబరేటరీ అది. ప్రయోగాలు అతని చేతికి అంతగా అబ్బలేదు. కాని కృష్ణన్ వంటివాళ్ళతో స్నేహం, రోజంతా సైన్సు తప్ప మరో మాట లేని వాతావరణం అతనిలో నిప్పు రగిలించాయి. తన బలం సిద్ధాంతంలో ఉందని తెలిసింది. సెలవులయ్యాక మద్రాసు వచ్చిన జర్మను శాస్త్రవేత్త సోమర్‌ఫెల్డ్‌ను కలిశాడు. తాను చదివిన భౌతికశాస్త్రం అప్పటికే పాతబడిందని ఆయన వల్ల తెలుసుకుని, కొత్త గణాంక పద్ధతి నేర్చుకున్నాడు. దాన్ని కాంప్టన్ పరిక్షేపణానికి వర్తింపజేసి రాసిన వ్యాసం 1929లో లండను రాయల్ సొసైటీ పత్రికలో వెలువడింది. అప్పటికింకా డిగ్రీ చేతికి రాలేదు. నక్షత్రాల మీద చేసిన పనికి 1983లో నోబెల్ బహుమానం అందుకున్నది ఆ కుర్రవాడే.

ఇది చదివినప్పుడు నాకు సంతోషంతోపాటు ఒక ముల్లు కూడా గుచ్చుకుంది. చంద్రశేఖర్‌కి బాబాయి ఉన్నాడు. మనకెవరున్నారు? మన బాబాయిలు ఎరువుల కొట్టు దగ్గర వరసలో నిలబడి ఉంటారు. వాళ్ళకి తెలిసిన పెద్ద లేబరేటరీ అంటే భూసార పరీక్షకి మట్టి పంపే గది. తెలివికి కులగోత్రాలు లేవు నిజమే. కాని తలుపు ఎక్కడుందో చెప్పేవాళ్ళు కొన్ని ఇళ్ళల్లోనే ఉంటారు.

అయితే ఆ కాలంలోనే బాబాయి లేకుండా వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం హైదరాబాదు నిజాం కాలేజీలో బి.యస్సీ. చదివి, 1928లో కలకత్తా చేరి రామన్ దగ్గర పని మొదలుపెట్టారు. 1931 నాటికి కాంతి కణానికి భ్రమణం ఉంటుందని చూపే ప్రయోగంలో రామన్ పేరు పక్కన భగవంతం పేరు ఉంది. మరుసటి ఏడే ఆయన వాల్తేరు ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి మన ప్రాంతంలో భౌతికశాస్త్ర పరిశోధనకి పునాది వేశారు. కలకత్తాలో తెరిచిన తలుపు గాలి వాల్తేరు దాకా వీచింది.

తెరుచుకోని తలుపు

1933లో రామన్ బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకి డైరెక్టరయ్యారు. ఆ పదవిలో మొదటి భారతీయుడు ఆయనే. ఆ ఏడే బొంబాయినుంచి కమలా భాగవత్ అనే అమ్మాయి, యూనివర్సిటీ బి.యస్సీ.లో మొదటి స్థానంలో ప్యాసై, అక్కడ చేరడానికి దరఖాస్తు పెట్టింది. ఆడపిల్ల అన్న ఒకే కారణంతో రామన్ కాదన్నారు. ఆమె బెంగుళూరు వెళ్ళి, కారణం చెప్పమని పట్టుబట్టి, సత్యాగ్రహం చేసింది. చివరకు ఒక ఏడాది పరీక్షగా, మగవాళ్ళకి లేని షరతులతో చేర్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆమె పని చూసి రామన్ పూర్తిగా చేర్చుకోక తప్పలేదు. తరువాత ఆడపిల్లలకి అక్కడ దారి ఏర్పడింది. కమల 1939లో కేంబ్రిడ్జిలో పిహెచ్.డి. పొంది, కమలా సొహొనీగా పేరు తెచ్చుకున్నారు. కాని ఆ అవమానాన్ని ఆమె జీవితాంతం మరచిపోలేదు.

1940లో రామన్ లేబరేటరీలో చేరిన అన్నా మణి కథ మరోలా సాగింది. వజ్రాలు, కెంపుల కాంతి మీద గంటల తరబడి ఫొటోలు తీసి అయిదు వ్యాసాలు రాసింది. ఎం.యస్సీ. లేదన్న కారణంతో మద్రాసు యూనివర్సిటీ డాక్టరేటు ఇవ్వలేదు. ఆమె దిగులుపడి కూర్చోకుండా వాతావరణ పరికరాల వైపు తిరిగి, దేశానికి ఆ పరికరాలు తయారుచేసి పెట్టింది.

మహానుభావుల జీవితం రాసేటప్పుడు ఇటువంటివి వదిలెయ్యడం మన అలవాటు. వదిలేస్తే మనం నేర్చుకునేది సగమే అవుతుంది. ఏ సిఫారసూ లేకుండా బోర్డు చూసి తలుపు తట్టి, లోపలికి వెళ్ళగలిగిన మనిషి, తన తలుపు తట్టిన అమ్మాయిని గడప దగ్గర నిలబెట్టారు. గొప్పవాళ్ళకీ గుడ్డి మూలలు ఉంటాయి. వాటిని చూసి ఆయన పనిని తక్కువ చెయ్యనక్కరలేదు. అవి మనలో లేకుండా చూసుకుంటే చాలు.

డైరెక్టరు పదవి ఆయనకి ముళ్ళ కుర్చీ అయింది. ఆయన దూకుడు కొంతా, సంస్థలోని రాజకీయాలు కొంతా కలిసి 1937లో దాన్ని వదులుకున్నారు. ప్రొఫెసరుగా మాత్రం 1948 దాకా ఉన్నారు. 1939లో కేంబ్రిడ్జినుంచి సెలవులకి వచ్చిన హోమీ భాభా, యుద్ధం వచ్చి తిరిగి వెళ్ళలేక, రామన్ విభాగంలోనే చేరి పనిచేశారు. ఆ సెలవులు దేశ శాస్త్ర చరిత్రనే మార్చేశాయి.

ఉద్యోగ విరమణ తరువాత రామన్ తన పేరుమీద వెలసిన పరిశోధనాలయంలో రాళ్ళు, పువ్వులు, రంగులు, కంటిచూపు మీద పనిచేస్తూ గడిపారు. 1954లో భారతరత్న వచ్చింది. చివరిదాకా బడిపిల్లలు వస్తే తన వజ్రాలూ రంగురాళ్ళూ చూపించి మురిసిపోయేవారు. 1970 నవంబరు 21న కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు ఆ ఆవరణలోనే దహనం చేసి, అక్కడ ఒక చెట్టు నాటారు.

మన తాళంచెవి

రామన్ 1934లో బెంగుళూరులో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీ, అలహాబాదుల్లోని మరి రెండు అకాడమీలతో కలిసి, ఎన్నో ఏళ్ళుగా విద్యార్థులకూ అధ్యాపకులకూ వేసవి పరిశోధనా ఫెలోషిప్పులు ఇస్తూ వచ్చింది. రెండు నెలలపాటు ఒక శాస్త్రవేత్త దగ్గర ఉండి పనిచెయ్యాలి. ఖర్చులకి కొంత సొమ్ము, రైలు ఛార్జీ ఇస్తారు. రామనాథన్ సెలవుల్లో చేసిన పనినే, చంద్రశేఖర్‌కి బాబాయి వల్ల దొరికిన అవకాశాన్నే, ఎవరి బంధువూ కాని విద్యార్థికి దరఖాస్తు కాగితం మీద అందించే ఏర్పాటు ఇది. బాబాయి లేనివాడికి ఆ కాగితమే బాబాయి.

కాని ఆ కాగితం సంగతి మనదాకా చేరితేగదా? వేసవికి చాలా నెలల ముందే దరఖాస్తు పెట్టాలి. అధ్యాపకుల సిఫారసు ఉత్తరం కావాలి. మనకి తెలిసేసరికి గడువు దాటిపోతుంది. అందుచేత విద్యార్థి సంఘానికి నా మనవి రెండే. ఈ ప్రకటనలు సకాలంలో నోటీసు బోర్డు ఎక్కేలా సంఘం బాధ్యత తీసుకోవాలి. ఎక్కడికీ వెళ్ళలేని పదిమందికోసం, ఒక లెక్చరరు గారి పర్యవేక్షణలో, మన లేబరేటరీ వేసవిలో వారానికి రెండు రోజులైనా తెరవమని ప్రిన్సిపాలు గారిని అడగాలి. మనకున్న స్పెక్ట్రోమీటరు, పట్టకం 1906లో రామన్ ముందున్నవాటికి తీసిపోయేవి కావు.

పూర్వ విద్యార్థులకి మరో మాట. మీలో ఎందరో పెద్ద పెద్ద పరిశోధనాలయాల్లో ఉన్నారు. వేసవిలో మన కాలేజీనుంచి ఒక్క కుర్రవాడికో, అమ్మాయికో మీ బల్ల చివర చోటివ్వండి. అమ్మాయికి అన్న మాట కావాలనే రాశాను. అబ్బాయిని రైలెక్కించే ఇల్లు అమ్మాయిని ఆపుతోంది. కమలా భాగవత్ ఆ రోజుల్లోనే బెంగుళూరు వెళ్ళి చదివిందని మన నాన్నలకి ఎవరైనా చెప్పాలి.

నా మటుకు నేను ఇంట్లో అడిగి చూశాను. రెండు నెలలు నువ్వు లేకపోతే పని ఎవరు చూస్తారన్నది మొదటి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే. నేను వేసవి దుక్కి గురించి చెప్పాను. మా నాన్న ఏమీ అనలేదు గాని, సాయంత్రం చేలోకి వెళ్ళేటప్పుడు నాగలి తాను పట్టుకుని, నన్ను గట్టు మీద కూర్చుని దరఖాస్తు నింపుకోమన్నాడు.

(తృతీయ బి.యస్సీ. విద్యార్థి)